ఈవార్ ఆపరేషన్ తర్వాత ఏం గమనించాలి, స్కాన్ అంకెలు ఎలా సరిచూసుకోవాలి

"ఆపరేషన్ బాగా జరిగింది, మూడో రోజుకే ఇంటికి పంపించేశారు. మళ్లీ ఈ స్కాన్లన్నీ ఎందుకు?" పొట్టలో అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) ఉబ్బుకి ఈవార్ అనే పద్ధతిలో స్టెంట్ గ్రాఫ్ట్ వేయించుకున్నవాళ్ల ఇళ్ల నుంచి నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. దాని తర్వాత వచ్చే ప్రశ్న, "రిపోర్టులో ఎండోలీక్ అని ఉంది, ప్రమాదమా?" మా నాన్నగారికి ఈ ఆపరేషన్ అయి ఏడేళ్లు. ఆయన ఫైలు మొదటి నుంచీ నేనే చూస్తున్నాను. అడిగిన ప్రతి ఒక్కరికీ ఫోన్లో చెప్పిందే చెప్పేకంటే ఒకచోట వరుసగా రాసిపెడితే మంచిదనిపించింది. నేను డాక్టర్‌ని కాదు. మీ డాక్టర్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే డాక్టర్ మాటే వినండి.

ముందుగా కొంచెం నేపథ్యం. అయోర్టా పొట్టలో మామూలుగా 2 సెం.మీ. వెడల్పు ఉంటుంది. అది ఉబ్బి మగవాళ్లలో 5.5 సెం.మీ., ఆడవాళ్లలో 5 సెం.మీ. దాకా వస్తే పగిలే ప్రమాదం ఉందని ఆపరేషన్ గురించి చెబుతారు. ఈవార్‌లో పొట్ట కోయరు. గజ్జల్లోని రక్తనాళాల గుండా గుడ్డ, లోహపు జాలీ కలిసిన గొట్టాన్ని లోపలికి పంపి, ఉబ్బిన చోట విప్పుతారు. రక్తం ఆ గొట్టంలోంచి పోతుంది. కానీ ఉబ్బిన పాత సంచి లోపలే ఉంటుంది, దాన్ని తీసేయరు. ఎక్కడైనా సందు దొరికి రక్తం మళ్లీ ఆ సంచిలోకి ఒత్తిడితో వెళ్తే అది మళ్లీ పెరుగుతుంది, పగలవచ్చు కూడా. ఇలా రక్తం సంచిలోకి వెళ్లడాన్నే ఎండోలీక్ అంటారు.

బ్రిటన్‌లో 1999లో మొదలైన ఈవార్-1 అధ్యయనం ఈ సంగతే చూపించింది. మొదటి 30 రోజుల్లో చనిపోయినవాళ్లు పొట్ట కోసి ఆపరేషన్ చేసినవాళ్లలో 4.7 శాతం, ఈవార్ చేసినవాళ్లలో 1.7 శాతం. అంటే మొదట్లో ఈవార్‌దే పైచేయి. 15 ఏళ్ల ఫలితాలు 2016లో వచ్చాయి. 8 ఏళ్లు దాటాక ఈవార్ వాళ్లలోనే ఉబ్బు కారణంగా మరణాలు ఎక్కువయ్యాయి, వాటికి ముఖ్య కారణం పాత సంచి పగలడం. అప్పటి గ్రాఫ్ట్‌లు పాత తరానివి, నిజమే. అయినా స్కాన్లు జీవితాంతం ఎందుకంటే, కారణం ఇదే.

కావలసినవి

- డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్. రెండూ వేర్వేరు. రెండోది అడిగితేనే ఇస్తారు.
- ఇంప్లాంట్ కార్డు. గ్రాఫ్ట్ కంపెనీ, మోడల్, సైజులు అందులో ఉంటాయి. ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి.
- ఆపరేషన్‌కి ముందు తీసిన సీటీ, తర్వాత తీసిన మొదటి సీటీ. ఫిల్ములు చాలవు, సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ కావాలి.
- ఒక నోట్‌బుక్. దీనిలో ఒక్క పేజీ చాలు.
- చేతికి కట్టే బీపీ మిషన్, థర్మామీటర్.
- 24 గంటలూ సీటీ, వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) ఉండే దగ్గర్లోని ఆస్పత్రి ఏదో ముందే కనుక్కుని, ఫోన్ నంబరు రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

1. ఇంటికి వచ్చేముందు ఈ ప్రశ్నలు అడగండి

ఆపరేషన్ చివర్లో తీసిన యాంజియోలో (రక్తనాళాల ఎక్స్‌రేలో) లీక్ ఏమైనా కనిపించిందా? తుంటి వైపు వెళ్లే లోపలి రక్తనాళాన్ని మూయాల్సి వచ్చిందా, వస్తే ఏ వైపు? రెండు పాదాల్లో నాడి అందుతోందా? క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) ముందు ఎంత, ఇప్పుడు ఎంత? మొదటి స్కాన్ ఏ తేదీన? జవాబులు విని ఊరుకోకండి, రాసుకోండి.

పాదం నాడి ఎలా పట్టుకోవాలో నర్సుని అడిగి అక్కడే నేర్చుకోండి. ఒకటి పాదం పైభాగంలో, ఇంకొకటి చీలమండ లోపలి ఎముక వెనుక ఉంటుంది. కొంతమందికి పాదం పైనున్న నాడి పుట్టుకతోనే చేతికి అందదు. అందుకే డిశ్చార్జ్ రోజున ఏ నాడి అందిందో గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే ఇంటికొచ్చాక నాడి లేదని అనవసరంగా టెన్షన్ పడతారు.

2. మొదటి రెండు వారాలు

గజ్జలు రోజూ చూడండి. కొంచెం కమిలి నీలంగా మారడం మామూలే. ఆ నీలం తొడ మీదికి దిగినా కంగారు అక్కర్లేదు. గట్టి గడ్డ పెరుగుతూ ఉన్నా, చెయ్యి పెడితే కొట్టుకుంటున్నట్టున్నా, గాయం నుంచి చీము గానీ నీరులాంటిది గానీ ఆగకుండా కారుతున్నా అదే రోజు చూపించండి. రక్తం చిమ్మితే పడుకోబెట్టి, శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతితో గట్టిగా నొక్కి, వదలకుండా 108కి ఫోన్ చేయించండి. గుడ్డ తీసి మాటిమాటికీ చూడకండి.

జ్వరం సంగతి చాలామందికి తెలియదు. మొదటి కొన్ని రోజులు, ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకపోయినా, కొత్త గ్రాఫ్ట్‌కి శరీరం స్పందించి జ్వరం రావచ్చు. రక్తపరీక్షలో తెల్లకణాలు, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే అంకె) పెరగవచ్చు. అది దానంతట అదే తగ్గుతుంది. కానీ ఇంటికొచ్చాక చలితో జ్వరం వచ్చినా, తగ్గి మళ్లీ వచ్చినా అలా అనుకుని ఊరుకోకూడదు, ఆస్పత్రికి వెళ్లాలి.

హెచ్చరిక: జ్వరానికి మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయకండి. ముందు బ్లడ్ కల్చర్‌కి రక్తం తీయాలి. బిళ్ల వేశాక తీస్తే కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు.

మొదటి రోజుల్లోనే పొట్టనొప్పి, దాంతోపాటు రక్తంతో విరేచనాలు అయితే పేగుకి రక్తం అందడం లేదేమో చూడాలి. ఆలస్యం చేయవద్దు. కాలివేళ్లు మచ్చలు మచ్చలుగా నీలం తిరిగినా, మూత్రం బాగా తగ్గినా వెంటనే ఫోన్ చేయండి. బరువులు ఎత్తడం, కింద కూర్చుని లేవడం డాక్టర్ చెప్పినన్ని రోజులు మానాలి. ఇండియన్ టాయిలెట్ ఉంటే గాయం మానేదాకా కమోడ్ కుర్చీ తెచ్చుకోండి.

3. నెల రోజుల సీటీ

ఇది మాత్రం మానకండి, వాయిదా వేయకండి. తర్వాత వచ్చే స్కాన్లను పోల్చడానికి మొదటి ఆధారం ఇదే. సాధారణంగా డై (రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) ఎక్కించి తీస్తారు. డై వెళ్లిన వెంటనే ఒకసారి, కాస్త ఆగి మరోసారి తీయడం ముఖ్యం. నెమ్మదిగా నిండే లీకులు ఆలస్యంగా తీసిన చిత్రాల్లోనే బయటపడతాయి. కాబట్టి స్కాన్ సెంటర్‌లో "ఈవార్ ఫాలో-అప్, లేట్ ఫేజ్ కూడా కావాలి" అని ముందే చెప్పండి. మామూలు పొట్ట సీటీ అనుకుని తీసేస్తే మళ్లీ డబ్బు, మళ్లీ డై.

స్కాన్‌కి ముందు క్రియాటినిన్ చేయించండి. గతంలో డై పడకపోతే చెప్పండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆపాలా వద్దా అనేది కిడ్నీ రిపోర్టు చూసి డాక్టర్ చెబుతారు, మీరే నిర్ణయించకండి. ఆ రోజుల్లో మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు. నీళ్లు తాగించండి, గుండె జబ్బు ఉంటే ఎంత తాగాలో అడిగి.

కిడ్నీలు బలహీనంగా ఉంటే: డై లేకుండా తీసిన సీటీలో సంచి సైజు, గ్రాఫ్ట్ కదిలిందా లేదా తెలుస్తాయి, లీక్ తెలియదు. దానికి తోడుగా డాప్లర్ (రక్తం పారడాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేయిస్తే చాలావరకు పని అవుతుంది. సన్నని గాలి బుడగల మందు ఎక్కించి చేసే అల్ట్రాసౌండ్ కొన్ని చోట్లే దొరుకుతుంది, కిడ్నీలకు భారం కాదు. ఎంఆర్‌ఐ చేయించేటప్పుడు ఇంప్లాంట్ కార్డు చూపించాలి. నిటినాల్ అనే మిశ్రమలోహపు గ్రాఫ్ట్ అయితే సాధారణంగా ఇబ్బంది లేదు, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది అయితే బొమ్మ సరిగా రాదు.

4. పేజీ రాయండి

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే. పేజీని నిలువుగా ఆరు గడులు చేయండి: తేదీ, ఏ స్కాన్, ఎక్కడ, సంచి గరిష్ఠ వెడల్పు మిల్లీమీటర్లలో, లీక్ ఉందా ఉంటే ఏ రకం, క్రియాటినిన్. మొదటి వరుసలో ఆపరేషన్ ముందటి సీటీ, రెండో వరుసలో నెల సీటీ. ఆపైన ప్రతి స్కాన్‌కి ఒక వరుస.

ఎందుకింతగా చెబుతున్నానో మా ఇంట్లో జరిగినదే చెబుతాను. నాన్నగారికి ఆపరేషన్ ముందు 58 మి.మీ. నెలకి 57. ఏడాదికి 55, అందరం సంతోషించాం. రెండో ఏడు 57, మూడో ఏడు 59, నాలుగో ఏడు 61. ప్రతి రిపోర్టులోనూ "క్రితం స్కాన్‌తో పోలిస్తే చెప్పుకోదగ్గ మార్పు లేదు" అనే రాశారు. అందులో అబద్ధం లేదు, ఒక ఏడాదికి 2 మి.మీ. తేడా కొలతలోనే వస్తుంది. కానీ 55 నుంచి చూస్తే 6 మి.మీ. పెరిగింది. ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు, నేను కూడా. వేరే పని మీద కలిసిన ఒక సర్జన్ పాత రిపోర్టులన్నీ బల్ల మీద వరుసగా పరిచి, అంకెలకు పెన్నుతో సున్నాలు చుట్టి, వెంటనే సీటీ రాశారు. కుడి కాలి వైపు గ్రాఫ్ట్ చివర వదులై అక్కడి నుంచి రక్తం సంచిలోకి వెళ్తోంది. గజ్జ నుంచే ఇంకో ముక్క జోడించి సరిచేశారు, నాన్నగారు రెండు రోజుల్లో ఇంటికొచ్చారు. పేజీ రాయడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను. నాలుగేళ్లు ఆలస్యంగా.

కాబట్టి కొత్త అంకెను క్రితం అంకెతో మాత్రమే కాదు, పేజీలో అదే రకం స్కాన్ అంకెల్లో అన్నిటికంటే చిన్నదానితో పోల్చండి. తేడా 5 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే, రిపోర్టులో ఏం రాసి ఉన్నా, డాక్టర్‌కి చూపించండి.

5. ఏటా చేసే డాప్లర్

నెల సీటీ బాగుంటే ఆ తర్వాత చాలామందికి ఏడాదికోసారి డాప్లర్ సరిపోతుంది, కొన్నేళ్లకోసారి సీటీ. లీక్ ఉంటే ఆరు నెలలకే మళ్లీ పిలుస్తారు. ఎవరికి ఎప్పుడు అనేది గ్రాఫ్ట్ ఎంత గట్టిగా అతుక్కుంది, పై అంచు దగ్గర పట్టు ఎంత ఉంది అనేవాటిని బట్టి మారుతుంది.

పొద్దున్నే పరగడుపున తీసుకెళ్లండి, గ్యాస్ అడ్డం వస్తే బొమ్మ రాదు. బీపీ బిళ్ల మాత్రం గుక్కెడు నీళ్లతో వేయండి. వీలైతే ఏటా అదే సెంటర్, అదే డాక్టర్. ఒక చీటీ మీద ఈ కోరికలు రాసి ఇవ్వండి: సంచి గరిష్ఠ వెడల్పు, ముందు-వెనుక, అడ్డం రెండు కొలతలూ, గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకా, లోపలి నుంచి లోపలికా, లీక్, రెండు కాళ్ల గొట్టాల్లో రక్త వేగం, గరిష్ఠ వెడల్పు కొలిచిన బొమ్మ ప్రింట్. చీటీ ఇచ్చినందుకు ఎవరూ చిరాకు పడలేదు. ఒక సోనాలజిస్ట్ (అల్ట్రాసౌండ్ చేసే డాక్టర్) అయితే పేజీ కూడా అడిగి తీసుకుని చూశారు.

6. రిపోర్టులో ఎండోలీక్ అని ఉంటే

రకం ఏమిటో చూడండి. భయపడాలా వద్దా అనేది దాన్నిబట్టే.

ఒకటో రకం: గ్రాఫ్ట్ పై అంచు దగ్గర గానీ కింది అంచు దగ్గర గానీ సందు. రక్తం పూర్తి ఒత్తిడితో సంచిలోకి వెళ్తుంది. కనిపిస్తే సాధారణంగా సరిచేస్తారు, వచ్చే ఏడాది చూద్దామని వదలరు.

రెండో రకం: గ్రాఫ్ట్ బాగానే ఉంటుంది. నడుము వైపు వెళ్లే చిన్న నాళాల నుంచో, పేగుకి వెళ్లే నాళం నుంచో రక్తం వెనక్కి సంచిలోకి వస్తుంది. ఎక్కువమందిలో కనిపించేది ఇదే. చాలావరకు ఆరు నెలల్లోపు దానంతట అదే మూసుకుపోతుంది. సంచి పెరగనంతకాలం చూస్తూ ఉంటారు. పెరిగితే ఆ నాళాన్ని మూస్తారు.

మూడో రకం: గ్రాఫ్ట్ ముక్కలు కలిసే చోట విడిపోవడం, లేదా గుడ్డ చిరగడం. ఇదీ ఒకటో రకం లాగే తొందరపడాల్సిందే.

నాలుగోది గుడ్డ రంధ్రాల నుంచి మొదటి రోజుల్లో ఊరేది, ఇప్పటి గ్రాఫ్ట్‌లలో అరుదు. ఐదోది లీక్ కనిపించకుండానే సంచి పెరగడం. అలాంటప్పుడు లీక్ నిజంగా లేదా, స్కాన్‌కి దొరకలేదా అని ఇంకో పద్ధతిలో వెతుకుతారు.

రకం రాయకుండా "ఎండోలీక్ ఉంది" అని మాత్రమే ఉంటే ఆ రిపోర్టు సగమే అనుకోండి. సీడీ తీసుకుని ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

7. కాళ్ల మీద కన్నేయండి

గ్రాఫ్ట్‌కి రెండు కాళ్ల వైపు రెండు గొట్టాలుంటాయి. వాటిలో ఒకటి మడతపడి రక్తం గడ్డకట్టవచ్చు. ఇది ఎక్కువగా మొదటి నెలల్లోనే జరుగుతుంది. ఒక కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నొప్పి, తిమ్మిరి వస్తే గంటల్లో సర్జన్ దగ్గర ఉండాలి. వేడినీళ్ల కాపడం, నూనె మర్దన చేయకండి, ఆ సమయం కాలికి చాలా విలువైనది. అంత తీవ్రంగా కాకపోయినా, అంతకుముందు లేని పిక్క నొప్పి నడిచేటప్పుడు కొత్తగా మొదలైతే ఆ వారంలోనే డాప్లర్ చేయించండి.

పిరుదుల్లో నొప్పి వేరే సంగతి. తుంటి వైపు నాళాన్ని మూసి ఉంటే నడిచినప్పుడు ఆ వైపు పిరుదు పట్టేస్తుంది. చాలామందిలో నెలల మీద తగ్గుతుంది. దీన్ని వెన్నుపూస నొప్పి అనుకుని ఎంఆర్‌ఐల చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు. మగవాళ్లలో లైంగిక సమస్య కూడా రావచ్చు. పెద్దవాళ్లు పిల్లలతో చెప్పుకోరు, అందుకే డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడే అవకాశం వాళ్లకు ఇవ్వండి.

8. మందులు, యాంటీబయాటిక్‌లు, పొగ

ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు), బీపీ బిళ్లలు రాసినవి సొంతంగా ఆపవద్దు. పన్ను పీకించుకోవాలంటే కూడా ముందు అడగండి. సిగరెట్, బీడీ, చుట్ట ఏదైనా పూర్తిగా మానాలి, తగ్గించడం కాదు.

యాంటీబయాటిక్‌ల విషయం మన దగ్గర మరీ ముఖ్యం. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ ఉన్న మందుల కుటుంబాన్ని, అయోర్టా ఉబ్బు ఉన్నవాళ్లకు వేరే దారి లేకపోతే తప్ప ఇవ్వవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబర్‌లో హెచ్చరించింది. మన షాపుల్లో విరేచనాలంటే చాలు, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన బిళ్ల చేతిలో పెడతారు. సిప్రో, లెవో, ఓఫ్లాక్సాసిన్ అనే మూడు పేర్లూ ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి.

108కి ఫోన్ చేయాల్సిన సందర్భాలు

ఉన్నట్టుండి పొట్టలో, నడుములో, పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, రక్తపు వాంతి, తారులా నల్లని విరేచనం, కాలు చల్లబడటం. ఐరన్ బిళ్లలు వాడితే మలం నల్లగా రావచ్చు, కానీ గ్రాఫ్ట్ ఉన్నవాళ్లలో అలా అని సర్దిచెప్పుకోకుండా చూపించాలి. గ్రాఫ్ట్ పేగుకి ఒరుసుకుని రంధ్రం పడటం అరుదు, అయినా ప్రాణాంతకం.

అంబులెన్స్‌లో, క్యాజువాలిటీలో మొదటి మాటగా "పొట్టలో అయోర్టాకి స్టెంట్ గ్రాఫ్ట్ ఉంది" అని చెప్పండి. నొప్పి గురించి తర్వాత. ఈ ఒక్క మాట లేకపోతే గ్యాస్ అనో, కిడ్నీలో రాయి అనో ఇంజెక్షన్ చేసి గంటలు పోగొట్టే ప్రమాదం ఉంది.

నెలల తరబడి సన్నని జ్వరం, తగ్గిపోతున్న బరువు, నడుము నొప్పి కలిసి వస్తే అది గ్రాఫ్ట్‌కి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఎన్ని ఏళ్ల తర్వాతైనా రావచ్చు. అంబులెన్స్ అవసరం లేకపోయినా ఆ వారమే చూపించండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మూడేళ్లు బాగున్నాయని నాలుగో ఏడు నుంచి స్కాన్ మానేయడం. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో సగం ఇలాంటివే.

"నొప్పి ఏమీ లేదు కదా" అనుకోవడం. సంచి పెరుగుతున్నప్పుడు చాలామందికి ఏమీ తెలియదు.

సీటీ అంకెను అల్ట్రాసౌండ్ అంకెతో నేరుగా పోల్చడం. రెండు పద్ధతుల్లో కొలతలు కొన్ని మిల్లీమీటర్లు తేడాగా వస్తాయి. సీటీని సీటీతో, డాప్లర్‌ని డాప్లర్‌తో పోల్చి, అనుమానం వస్తే సీటీతో తేల్చుకోవాలి.

సెంటీమీటర్లను మిల్లీమీటర్లుగా రాసుకునేటప్పుడు తప్పడం. 5.9 అంటే 59.

ఫలితం బాగుందని ఎలా తెలుస్తుంది?

ఏడాదికి సంచి 5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే చాలా మంచి గుర్తు. ఉన్నంతే ఉంటే ఫర్వాలేదు, కానీ స్కాన్లు ఆపడానికి లేదు. గ్రాఫ్ట్ పై అంచు మొదటి సీటీలో ఉన్నచోటే ఉండాలి, ఒకటో రకం, మూడో రకం లీక్ ఉండకూడదు, రెండు కాళ్లకూ రక్తం ధారాళంగా పోవాలి, క్రియాటినిన్ పాత అంకెకి దగ్గర్లో ఉండాలి. ఈ ఐదూ రిపోర్టులో కనబడకపోతే అడిగి రాయించుకోండి. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే స్కాన్ అయిన రోజే పేజీ ఫోటో వాట్సాప్‌లో పంపించే అలవాటు చేయండి. దూరంగా ఉన్నవాళ్లే ఒక్కోసారి అంకెల్ని శ్రద్ధగా చూస్తారు.

ఇంకొక్క పని మిగిలింది. ఈ ఉబ్బు కుటుంబాల్లో వస్తుంది. తోబుట్టువులు, 50 దాటిన పిల్లలు డాక్టర్‌ని అడిగి ఒకసారి పొట్ట అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. నాన్నగారి పేజీ చూశాక మా బాబాయి కూడా చేయించుకున్నారు. 34 మి.మీ. వచ్చింది, ఆపరేషన్ అవసరం లేదు, చూస్తూ ఉండాలన్నారు. అదే నోట్‌బుక్‌లో ఆయన పేరు మీద రెండో పేజీ మొదలుపెట్టాను.